సోమవారాల ఇంజనాయన

ఇప్పుడు మా ఆసుపత్రిలో ప్రతి సోమవారం పొద్దున్న పది గంటలకు దీపాలు ఒక్కసారి ఆరి, మళ్ళీ వెలుగుతాయి. ఫ్యాన్లు నెమ్మదించి, ఆగబోయి, మళ్ళీ అందుకుంటాయి. పెరటివైపు నుంచి డీజిలు ఇంజను చప్పుడు పావుగంటసేపు వినిపిస్తుంది. తరవాత దీపాలు ఇంకోసారి ఆరి వెలుగుతాయి, చప్పుడు ఆగిపోతుంది. ఎవరూ తలెత్తి చూడరు. సూపరింటెండెంటు గారు సంతకం పెట్టే చెయ్యి కూడా ఆపరు.

పోయిన సోమవారం సరిగ్గా దీపం ఆరిన వేళకు ఆయా నా బల్ల దగ్గరకొచ్చి, "మన పాత ఇంజనాయన పోనాడటమ్మా. శుక్రవారమే అయిపోనాదట," అంది. దీపం వెలిగింది. ఆవిడ చీపురు తీసుకుని వరండాలోకి వెళ్ళిపోయింది.

వారానికొకసారి ఈ దీపం ఇలా ఆరడం కోసమే ఆయన ఇక్కడ మాటలు పడ్డాడు. ఆయన ఉన్న చివరి నెలల్లో పెద్దలు దాన్ని ఆరనివ్వలేదు. ఆయన్ని పంపేశాక, ఆరాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఆ ఉత్తర్వు టైపు చేసింది నేనే.

నేను ఈ ఆఫీసులో చిన్న గుమాస్తాను. బల్ల సొరుగులో ఎప్పుడూ ఒక లైబ్రరీ పుస్తకం, సంచిలో నా దినచర్య పుస్తకం ఉంటాయి. నలుగురిలో నా నోట మాట రాదు. ఆయన అక్షరం రానివాడు కనక, ఇంజను గది పుస్తకం నింపడం నాకు అప్పగించారు. సోమవారం సోమవారం వెళ్ళి, ఆయన ఏం చేశాడో చూసి, చెప్పింది రాసి, కింద వేలిముద్ర వేయించుకు రావాలి. సిరా దిమ్మ తీసుకువెళ్ళేదాన్ని గాని దాంతో పనిపడేది కాదు. ఆయన బొటనవేలికి ఎప్పుడూ ఇంజనాయిలు ఉండేది. ఆ ముద్ర కాగితంలోంచి అవతలి పేజీకి కూడా దిగేది.

ఆయనకు పేరు లేక కాదు. హాజరు పట్టీలో ఉంది. ఎవరూ ఆ పేరుతో పిలవలేదు. డాక్టర్లకు "ఒరే ఇంజనూ". నర్సులకు ఇంజనాయన. నాకు బాబాయ్. నన్ను ఆయన మొదటిరోజు నుంచీ బుల్లెమ్మా అనే పిలిచాడు.

మొదటి సోమవారం నేను చెప్పులతో గడప దాటబోతే, "సెప్పులు బైట ఇడిసిరా బుల్లెమ్మా," అన్నాడు.

"లోపల నూనె కదా బాబాయ్, కాళ్ళకు..."

"నూనె ఇంజన్లో ఉంటాది. నా నేల మీద ఉండదు. సూసుకో."

నిజమే, మా వంటిల్లు కూడా అంత శుభ్రంగా ఉండదు. గోడకు రెంచీలు పెద్దదాని నుంచి చిన్నదాని దాకా వరసగా వేలాడుతున్నాయి. వానాకాలంలో నర్సులు తడిబట్టలు ఆ గదిలో ఆరేసుకుందామని చూసేవారు. ఆయన వాటిని తీసి మడతపెట్టి గుమ్మం బయట పెట్టేవాడు. "ఆవిరి సిస్టరమ్మా. నీ జాకెట్టు ఆరతాది, నా రాగి తడుస్తాది." వాళ్ళు నవ్వేవారు. ఆయన నవ్వేవాడు కాదు. మంచివాడని చెప్పుకునేంత మెత్తనివాడు కాదు ఆయన. నాతోనే ఒకసారి, "అన్నన్ని పుస్తకాలు సదువుతావు, ఒక్క మాట బైటకి రాదు. ఆ సదివినదంతా ఏటైపోతన్నాది లోన?" అన్నాడు. ఆ రాత్రి దినచర్యలో ఆ మాట రాసుకుని, కింద జవాబు రాయలేక అలాగే వదిలేశాను.

సోమవారం పని ఎప్పుడూ ఒకే వరసలో చేసేవాడు. ముందు డీజిలు ట్యాంకు అడుగున ఉన్న మర తిప్పి, మందుల గది నుంచి తెచ్చుకున్న గాజుసీసాలోకి కొంచెం వదిలేవాడు. సీసా వెలుతురుకు పెట్టి చూసేవాడు. అడుగున నీరు వేరుగా కనిపించేది.

"వాన నేదు, ఎవులూ పొయ్యనేదు. నీరెలగొచ్చినాదో సెప్పు."

నేను తెలియదన్నాను.

"రేత్రి సల్లబడితే టేంకీ లోన సెమరుస్తాది. మనిసిలాగే. వారం వారం తీసీకపోతే ఆ నీరే ఓరోజు ఇంజను గొంతుకి అడ్డపడతాది."

కొత్త డీజిలు పోసేటప్పుడు గరాటు మీద ఒక తెల్లటి గుడ్డ వేసేవాడు. పొందూరు ఖద్దరు. వాళ్ళావిడది ఆ ఊరే, ఆవిడ వడికిన నూలు. "దీనికి పొందూరు పంచి, నాకు మిల్లుగుడ్డ. ఎవులు దొరో సూడు," అనేవాడు. హాస్యమాడడం ఆయనకు అంతవరకే వచ్చు. తరవాత ఆయిలు కడ్డీ పైకి తీసి, తుడిచి, మళ్ళీ ముంచి, గీత దాకా ఉందో లేదో చూసేవాడు. బెల్టును వేలితో నొక్కేవాడు. అప్పుడు చేతులు తుడుచుకుని హ్యాండిలు అందుకునేవాడు.

"రెండో తిప్పుకి అందుకుంటే ఆరోగ్యం. మూడోదానికైతే బద్దకం. నాలుగోదానికి పోయిందా, జబ్బు."

నేను చూసినన్నాళ్ళూ అది రెండో తిప్పు దాటలేదు. అందుకున్నాక పెద్ద స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద ఆనించి, కట్టెపిడిని కుడిచెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని వినేవాడు. ఎడమచెవి ఏనాడో రైసుమిల్లులో పోయిందట. నేను పక్కన పుస్తకం పట్టుకుని నిలబడేదాన్ని. కళ్ళు తెరిచాక, "ఎలా ఉంది బాబాయ్?" అని అడగాలి. అది నా ఉద్యోగం. ఆయన బాగుందని ఒక్కసారి కూడా అనలేదు. "ఇప్పటిదాకా బాగున్నాది. రేపటి సంగతి నాకు తెల్దు," అనేవాడు. నేను మొదటి భాగం మాత్రం రాసేదాన్ని.

అన్నిటికన్నా చివర, గోడకున్న ఇనపపెట్టె దగ్గరకు వెళ్ళేవాడు. ఊరి కరెంటు నుంచి ఇంజను కరెంటుకు ఆసుపత్రిని మార్చే పెద్ద స్విచ్చి అందులో ఉంటుంది. బయటకు చెయ్యంత పిడి. ఆ పిడిని రెండుచేతులా పట్టి ఇటు నుంచి అటు లాగితే, ఆసుపత్రి మొత్తానికి దీపాలు ఒక్కసారి ఆరి, ఇంజను మీద వెలిగేవి. పావుగంట అలా ఉంచి మళ్ళీ వెనక్కి తిప్పేసేవాడు.

"ఇంజను తిరగడం ఇంజను పని. దీపం ఎలగడం ఈ పిడి పని. ఇంజనొకటే తిప్పి బాగున్నాదంటే, పొయ్యి ముట్టించీసి అన్నం వండీసినాను అన్నట్టే." పెట్టెను తట్టి మళ్ళీ అన్నాడు. "లోన రాగి బద్దీలుంటాయి బుల్లెమ్మా. ఇక్కడ సముద్రం గాలి. ఆటికి సిలుము పడతాది. వారానికోసారి పిడి ఆడిందనుకో, ఆ రాపిడికే పోతాది. ఆడకపోతే పచ్చగా పేరుకుని కూసుంటాది. పైకి కనపడదు."

పోయినేడాది ఎండాకాలంలో ఒక సోమవారం సూపరింటెండెంటు గారి గదిలో ఆసుపత్రి కమిటీ పెద్దలు కూర్చుని ఉన్నారు. పదిగంటలకు ఆయన పిడి లాగాడు. గదిలో ఫ్యాను ఆగింది. కాగితం మీద బరువు పెట్టనవసరం లేకుండా పోయింది, అంతే. ఎవరి ప్రాణమూ పోలేదు. కాని పెద్దల్లో ఒకరు విసనకర్ర కోసం చూశారట.

సూపరింటెండెంటు గారు ఆయన్ని పిలిపించారు. నేను ఫైళ్ళతో అక్కడే ఉన్నాను.

"ఒరే, నీ ఇంజను నువ్వు తిప్పుకో. మా దీపాల జోలికి రాకు."

"బాబూ, దీపాల కోసమే గదా ఇంజను."

"నాకు పాఠం చెప్తావురా?"

"పాఠం కాదు బాబూ. పిడి ఆడకపోతే లోన సిలుము పడతాది. పోనీ నెలకోసారి కరెంటాపిస్తే పెట్టె ఇప్పి గీకుతాను."

"అవసరమొచ్చిన రోజు ఆడించు. అందుకే పెట్టారు దాన్ని. ఇక వెళ్ళు."

ఆ వచ్చే సోమవారం ఆయన మొదటిసారి ఆఫీసు గదిలోకి వచ్చాడు. గుమ్మం దగ్గరే చేతులు తుండుగుడ్డకు తుడుచుకుని నా బల్ల ముందు నిలబడ్డాడు.

"రాయి బుల్లెమ్మా. ఇంజను తిరిగినాది. దీపాల మీదకి ఎట్టనివ్వనేదు. పిడి ఆడనేదు. ఇదే మాట రాయి. నా మాట నాలాగే రాయి."

నేను కలం తీశాను. పక్కబల్ల నుంచి హెడ్డు గుమాస్తా గారు చెయ్యి చాపి పుస్తకం తనవైపు లాక్కున్నారు. ఆయన మా నాన్నకు తెలిసినవారు, నాకు ఈ పని ఇప్పించినవారు. నా ఉద్యోగం అప్పటికి ఇంకా ఖాయం కాలేదు.

"నువ్వు వెళ్ళరా, అమ్మాయి రాస్తుంది," అని బాబాయ్‌ని పంపించి, నాతో మెల్లగా అన్నారు. "చూడమ్మాయ్, జవాబు చెప్పుకోవలసిన మాట పుస్తకంలో ఎక్కకూడదు. రేపెవరైనా చూసి, ఎందుకు ఆడించలేదంటారు. ఆ జవాబు ఎవరు రాస్తారు, నువ్వా? బాగున్నది అని రాయి. అబద్ధం కాదు కదా, ఇంజను బాగానే ఉందిగా."

బాగున్నది అని రాశాను. పుస్తకం తీసుకుని ఇంజను గదికి వెళ్ళాను. ఆయన చూసుకోకుండా వేలిముద్ర వేశాడు.

"రాసినావా?"

"రాశాను బాబాయ్."

అలా ప్రతి సోమవారం. ఎండాకాలం పోయింది, వానలు వచ్చాయి. ఆయన అదే మాట చెప్పేవాడు, నేను అదే మాట రాసేదాన్ని, అవి రెండూ ఒకటి కావు. రాసినావా అని అడిగేవాడు గాని చదివి వినిపించమని ఒక్కసారి కూడా అడగలేదు. రాత్రి ఇంటికి వెళ్ళాక నా దినచర్యలో మాత్రం ఉన్నదున్నట్టు రాసుకునేదాన్ని. "ఇంజను తిరిగింది. దీపాల మీద పెట్టనివ్వలేదు. పిడి ఆడలేదు." తారీకుతో సహా. రాసుకుని నిద్రపోయేదాన్ని. నిద్ర పట్టేది కూడా.

దీపావళి వెళ్ళాక గాలివాన వచ్చింది. మధ్యాహ్నం మూడింటికే చీకటి పడ్డట్టయింది. బొబ్బిలి వైపు పల్లె నుంచి ఒక రైతు, నొప్పులు పడుతున్న భార్యను ఎడ్లబండి మీద టార్పాలిను కప్పి తెచ్చాడు. కడుపు కోసి తియ్యాలన్నారు. ఆపరేషన్ గదిలో పని సగంలో ఉండగా ఊళ్ళో కరెంటు పోయింది.

నేను వరండాలో ఉన్నాను. ఇంజను చప్పుడు కోసం చెవి ఒగ్గాను. రెండో తిప్పుకే అందుకుంది. హమ్మయ్య అనుకున్నాను. దీపం రాలేదు.

ఇంజను తిరుగుతూనే ఉంది. దీపం రాలేదు. లోపల నుంచి సిస్టరు తలుపు తీసి, "పరిగెత్తు, ఏమైందో అడుగు," అని నన్ను కసిరింది. వానలో పరిగెత్తాను. ఆయన పిడి పట్టుకుని మొత్తం బరువుతో వేలాడుతున్నాడు. పిడి అటువైపు వచ్చేసింది. కరెంటు మాత్రం అవతలికి పోవడం లేదు. ఆయన ఇంజను ఆపేశాడు, పెట్టె విప్పాడు. నన్ను లాంతరు పట్టుకోమన్నాడు. లోపల రాగి బద్దీల మీద చిలుము, పాకుడు పట్టినంత పచ్చగా ఉంది. గరుకు కాగితంతో గీకుతూ, నావైపు తిరక్కుండానే అన్నాడు.

"సూసినావా ఎలగుందో? సెప్పినాం. రాసినాం. ఇంకేటి సేస్తాం మనం."

మనం అన్నాడు. లాంతరు రెండో చేతికి మార్చుకోబోతే, "కదపకు," అన్నాడు.

మళ్ళీ ఇంజను తిప్పి, పిడి లాగి, దీపాలు వెలిగేసరికి ఎంతసేపయిందో నేను చెప్పలేను. ఆ మధ్యలో టార్చిలైట్లతోనే డాక్టరు గారు బిడ్డను తీశారు. ఆడపిల్ల, బతికింది. రక్తం ఎక్కడ పోతోందో టార్చి వెలుతురులో దొరకలేదట. దీపం వచ్చేసరికి ఆ తల్లికి దానితో పని లేదు. దీపం ఉన్నా దక్కేదో లేదో అని డాక్టరు గారు తరవాత అన్నారు. రైతు వరండాలో తడిబట్టలతో కూర్చుని, ఇంజను చప్పుడు ఆగేదాకా చెవులు మూసుకుని ఉన్నాడు.

విచారణకు బయటి నుంచి ముగ్గురు పెద్దలు వచ్చారు. పుస్తకం బల్ల మీద ఉంది. సూపరింటెండెంటు గారు, హెడ్డు గుమాస్తా గారు, ఒక పక్కగా నేను. ఆయన ఎదురుగా నిలబడ్డాడు.

"స్విచ్చి పాడవుతుందని నీకు తెలుసా?"

"తెలుసు బాబూ."

"తెలిసీ ఎవరికీ చెప్పలేదా?"

"దొరబాబుకి సెప్పినాను. ఆడించొద్దన్నారు. అందుకే పతీవారం పుస్తకంలో రాయించినాను."

సూపరింటెండెంటు గారు, "వీడు నాకేమీ చెప్పినట్టు గుర్తులేదు," అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

పెద్దల్లో ఒకరు పేజీలు తిప్పారు. "ఇందులో అలాంటిదేమీ లేదే."

"ఉన్నాది బాబూ. ఈ బుల్లెమ్మే రాసినాది." నావైపు తిరిగాడు. "సదువమ్మా. ఏటి రాసినావో సదివి ఇనిపించు."

అందరూ నావైపు చూశారు. లేచి నిలబడ్డాను. పుస్తకం నా ముందుకు జరిపారు. నా సంచి నా భుజానికే ఉంది. దినచర్య అందులోనే ఉంది, ఒక్కొక్క సోమవారం, తారీకుతో సహా. దాన్ని తీసి బల్ల మీద పెట్టడానికి మాట్లాడక్కరలేదు కూడా. నా చేతులు కొంగు చివర పట్టుకుని ఉన్నాయి. సిగ్గు అంటారు మా ఇంట్లో దీన్ని. ఆడపిల్లకు సిగ్గు అందం అంటారు.

"అమ్మాయి బెదిరిపోయింది, నేను చదువుతాను," అని హెడ్డు గుమాస్తా గారు పుస్తకం అందుకున్నారు. ఒక్కొక్క తారీకు చదివి, "బాగున్నది. బాగున్నది. బాగున్నది," అంటూ పోయారు. ఆయన వింటూ ఉన్నాడు. ఇంజను మీద స్క్రూడ్రైవరు పెట్టినప్పటిలా తల కుడివైపు కొంచెం వంచి, హెడ్డు గుమాస్తా గారి మొహం చూస్తూ విన్నాడు. అంతా అయ్యాక, "అలగా," అన్నాడు. నావైపు చూడలేదు.

నాలుగో రోజున పనిలోంచి తీసేశారు. పని నిర్లక్ష్యం చేసి ఒక ప్రాణం పోవడానికి కారణమైనట్టు కాగితంలో ఉంది. రెంచీలన్నీ గోడకు వరసగా పెట్టి, నేల తుడిచి, తాళంచెవి వాచ్‌మన్ చేతిలో పెట్టి వెళ్ళాడని చెప్పారు. నేను ఆ పూట సెలవు పెట్టాను. తరవాత ఏ రైసుమిల్లూ ఆయన్ని పెట్టుకోలేదట. మనిషిని చంపిన ఇంజనోడు అనే మాట ఆయనకన్నా ముందు ఊళ్ళు చేరింది. నా ఉద్యోగం సంక్రాంతి లోపలే ఖాయమయింది. కొత్త ఆపరేటరు చదువుకున్నవాడు. పిడి వారం వారం ఆడిస్తాడు, తన చేత్తోనే రాసుకుంటాడు. జాగ్రత్తపరుడని అందరూ మెచ్చుకుంటారు.

ఇదంతా ఆయా చెప్పి వెళ్ళిన వారంలోనే రాసుకున్నాను. ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. దినాలు వెళ్ళాక, నిన్న ఆయన భార్య వచ్చింది.

మధ్యాహ్నం భోజనాల వేళ. గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. ముసలావిడ, సన్నగా ఉంది. గుమ్మంలో నిలబడి, "బుల్లెమ్మంటే నీవేనామ్మా?" అని అడిగింది. లోపలికి రమ్మంటే వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"మా ఇంటాయన పోనాడు. తెల్సిందా?"

"తెలిసిందమ్మా."

"సచ్చేదాకా ఒకటే మాట. ఆ గుమస్తా తప్పు సదివీసినాడే, నాకు సదువు రాదని ఒకటుంటే ఒకటి సదివీసినాడే, అని. బుల్లెమ్మ నా మాట రాసినాది, నా కళ్ళ ముందర రాసినాది అని. నాను పోయినాక ఎల్లి పాపనడిగి ఓసారి సదివించుకోయే, నీవైనా ఇను, అన్నాడు. అందుకొచ్చినాను. ఊళ్ళో జనం నానా మాటలూ అంతన్నారమ్మా. ఆలకేటి సెప్పినా నమ్మరు. నా మనసుకి తెలిస్తే సాలు."

పాత పుస్తకం బీరువాలోంచి తీశాను. పేజీ తెరిచాను. బాగున్నది అని నా దస్తూరీ, గుండ్రంగా, తీరుగా ఉంది. ఆవిడ అక్షరాల వైపు చూస్తోంది. దగ్గరకు జరిగింది.

"ఇంజను తిరిగినాది," అని చదివాను. "దీపాల మీదకి ఎట్టనివ్వనేదు. పిడి ఆడనేదు."

"ఇంకోటి సదువు."

తారీకు చదివి, అదే చదివాను. పేజీ తిప్పి ఇంకోటి చదివాను. గొంతు ఎక్కడా తడబడలేదు. ఆయన మాట ఆయన యాసలోనే వచ్చేసింది. ఆవిడ కళ్ళు తుడుచుకోలేదు. చివరిదాకా విని, బాగా తృప్తిపడ్డ మనిషిలా తల ఊపింది. వెళ్ళబోయి, ఆగింది.

"ఇంత బాగా సదివినావు గదమ్మా. ఆ పెద్దోళ్ళొచ్చిన రోజు కూడా నీవక్కడే ఉన్నావట. ఆయన సదవమంటే నోరిప్పనేదట. ఎందుకమ్మా?"

ఆవిడ గొంతులో కోపం లేదు. తెలుసుకుందామని అడిగింది. నేను పుస్తకం మూశాను. ఆవిడ నిలబడే ఉంది.